గడప మీద వీపు

ఇంకా ఎండ రాలేదు. జామచెట్టు కొమ్మల్లోనే ఆగింది. అక్కణ్ణించి కాంపౌండు గోడ దిగి, మెట్లెక్కి, గడప దాటి వీడి వీపు మీద పడేదాకా నేనిక్కడే నిలబడాలి, తడి కాళ్ళతో, మా అమ్మ నిలబెట్టిన చోట. వీడు అని మనసులో అనుకోవడానికి నాకేం భయం, పైకి మామా అనే పిలుస్తాను. మా అమ్మకు తమ్ముడు, మా అక్క శ్యామలకు మొగుడు, నాకు మేనమామ. పేరు వెంకటరామారావు, కరెంటు ప్లాంటు టైమాఫీసులో హాజర్లు రాసే గుమాస్తా, పాల్వంచ కాలనీలో ఈ క్వార్టరు వీడిదే. ప్రస్తుతం వాకిలి మూసినట్టు గడపకు ఆనుకుని అడ్డంగా బోర్లా పడి ఉన్నాడు. బనీను భుజాల దాకా లాగేసి ఉంది. వీపంతా బామ్, దాని మీద ఆముదం, ఆ రెండింటి మీద రెండు రోజుల చెమట. మెడ మీద జుట్టు ఆగిపోయిన చోట ఒక ఎముక పైకి పొడుచుకొచ్చి ఉంది. నా మడమ అక్కడ పడితే చాలు. నడుము మీద కాదు. నడుము మీద తన్నితే బాగవుతాడు, బాగైతే లేస్తాడు, వాడు లేస్తే ఆ చెయ్యి కూడా లేస్తుంది. అందుకే మెడ. ఒక్కటే తన్ను, ఒంట్లో ఉన్న బలమంతా మడమలోకి తెచ్చి, లోపల ఏదో పటుక్కుమని విరిగేదాకా. ఎవరైనా అడిగితే కాలు జారిందంటాను. తడి కాళ్ళు కదా.

శుక్రవారం సాయంత్రం ఇదే గడప దగ్గర జరిగింది. అక్క బయటికి పరుగెత్తబోయింది, పక్క క్వార్టరు చిన్నక్క దగ్గరికి, ఎప్పుడూ పరుగెత్తేది అక్కడికే. వీడు జడ పట్టుకుని వెనక్కి గుంజి, రూళ్ళకర్ర పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. నడుములో కలుక్కుమందట, కళ్ళు తేలేశాడట, జడ పిడికిట్లో ఉండగానే ఇక్కడ కూలబడ్డాడట. అప్పుడు మా అక్క ఏం చేసింది? ఆ పిడికిట్లోంచి జడ విడిపించుకుని, లోపలికి పోయి, మంచినీళ్ళు తెచ్చి తాగించింది. ఫోనులో ఆ మాట విన్నప్పుడు రిసీవరుతో గోడను బద్దలు కొట్టాలనిపించింది. నీళ్ళు తాగించావా, ఆ రూళ్ళకర్ర తీసుకుని నెత్తి పగలగొట్టక, నీళ్ళు తాగించావా అని అరిచాను. "మరేం జెయ్యాలనే, మొత్తుకుంటుండు గద" అంది. డిస్పెన్సరీ డాక్టరు వచ్చి సూది వేసి, మాత్రలిచ్చి, రోజంతా కుర్చీలో కదలకుండా కూర్చుంటే ఇట్లాగే అవుతుంది, మధ్య మధ్య లేచి నాలుగడుగులు నడవాలి, మెడ అటూ ఇటూ తిప్పాలి అని చెప్పి పోయాడట. నడవాలట. వీడు నడిచేది ఇంటికొచ్చాకే, అక్క వెంటబడి ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి వంటింట్లోకి. చాలా మంచి వ్యాయామం.

ఒళ్ళు పట్టేయడమంటే నాకు తెలియదా? భద్రాచలంలో డీటీపీ సెంటరులో పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కీబోర్డు ముందే నేను. శుభలేఖలు, కరపత్రాలు, సంతాప సభలు, తునికాకు కూలీల వినతిపత్రాలు. మధ్యాహ్నానికి మెడ రాయి అయిపోతుంది, రెండు భుజాల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. నేనేం చేస్తాను? లేస్తాను. గోడకు వీపు ఆనించి నిలబడతాను. చేతులు రెండూ వెనక్కి పోనిచ్చి వేళ్ళలో వేళ్ళు దూర్చి గుంజుతాను, గడ్డం రొమ్ముకు ఆనించి మెడ సాగదీస్తాను, ఎముకలు టకటకమంటాయి. మా ఓనరు లాలు నవ్వుతాడు, "హైమా, సర్కసుల చేరుతవా ఏంది" అని. నవ్వనీ. ఇంటికి పోయి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసుకుంటాను, వేడివేడిగా, ఒళ్ళు ఎర్రబడేదాకా. అంతే, అయిపోయింది. నేను ఎవర్నైనా కొట్టానా? ఎవరి జడైనా పట్టుకున్నానా?

వీడికి అట్లా కాదు. టైమాఫీసులో కంప్యూటర్లు పెట్టారు, ఆ డబ్బా ముందు కూర్చుని కూర్చుని మెడ వాచిపోతోంది అంటూ వస్తాడు. వచ్చేసరికి ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి సిద్ధంగా ఉంచాలి. కాపడం పెట్టాలి, ఆముదం వేడి చేసి రాయాలి, తర్వాత ఆ రూళ్ళకర్ర, ఆఫీసులోంచి తెచ్చుకున్న నల్లటి నున్నటి గుండ్రటి కర్ర, దాన్ని చపాతీ కర్రలాగా వీడి వీపు మీద పైనుంచి కిందికి దొర్లించాలి. ఇంకా గట్టిగ, ఇంకా గట్టిగ, అన్నం తింటలేవా అంటాడు. గట్టిగా దొర్లిస్తే ఎక్కడో నొప్పి తగులుతుంది. తగలగానే లేస్తాడు. అదే కర్ర. నేను పడే నొప్పి నీకు తెల్వాల గదా అని. నేనా మాట చెవులారా విన్నాను, ఆ గదిలో మంచం మీద పడుకుని, మొన్న ఉగాదికి. ఇంకో మాట కూడా విన్నాను. అమ్మ వడ్డిస్తోంది, వీడు తింటున్నాడు, తింటూ నవ్వుతూ "నాలుగు తగిలిస్తే గాని నాకు భుజాలు వదులుగావక్కా" అన్నాడు. మా అమ్మ ఆదెమ్మ ఏం చేసిందో తెలుసా? ఇంకో గరిటెడు కూర వేసింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు మరి. వాళ్ళమ్మ పోతే ఈమే తల్లయింది, నోట్లో ముద్ద పెట్టింది, ముడ్డి కడిగింది. తర్వాత తన బిడ్డనే తీసుకొచ్చి చేతుల్లో పెట్టింది, ఇంద తమ్ముడూ, ఆడుకో అని.

దసరా ముందు చెవి మీద కొట్టాడు, ఎడమ చెవి. చీము కారి కారి ఆగింది, దాంతో పాటు వినపడడం కూడా ఆగింది. ఇప్పుడు ఎవరు మాట్లాడినా అక్క తల కొంచెం పక్కకు తిప్పుతుంది, కుడి చెవి ముందుకు వచ్చేట్టు. కోడిపిల్ల చూసినట్టు చూస్తుంది. అది చూసినప్పటినుంచీ నాకు ఒకటే ధ్యాస. కత్తిపీట చూస్తే వాడి మెడ గుర్తొస్తుంది, రోకలి చూస్తే వాడి మోకాళ్ళు గుర్తొస్తాయి. బస్సులో కూర్చుని కిన్నెరసాని దాటుతూ వాడిని నీళ్ళలో ముంచి పట్టుకుంటాను, బుడగలు ఆగేదాకా. ఎన్నిసార్లు ముంచానో. అమ్మతో చెప్తే ఏమంటుంది, ఆఫీసుల ఎన్ని తిప్పలు పడి వస్తడో, మొగోడు, ఓపిక పట్టాల అంటుంది. ఓపిక పట్టీ పట్టీ ఒక చెవి పోయింది. ఇంకేం పోయేదాకా పట్టాలి? ఈసారి నడుము వదిలితే, రెండు రోజులు నేల మీద పడి ఉన్న కసి అంతా ఎవరి మీద తీర్చుకుంటాడో నాకు తెలియదా? అక్కను ఈసారి చంపేస్తాడు. ఇది నేను ఊరికే అనడం లేదు. నిన్న అన్నం తినిపిస్తుంటే పళ్ళు కొరుకుతూ అక్కతో వాడే అన్నాడు, "లేవనీయే నన్ను, జెప్త నీ కత" అని. కదల్లేనివాడికి అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే అన్నాడు. అక్క ఇంకో ముద్ద పెట్టింది.

నిన్న ఒకసారి తన్నాను. నడుము మీదే. అలవాటు, ఏం చేయను. బూర్గంపాడు అవతల మా ఊళ్ళో ఆదివారం తెల్లవారేసరికి మా వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడి ఉండేవాళ్ళు. పత్తి బస్తాలు ఎత్తి పట్టేసినవాళ్ళు, నాట్లు వేసి వంగి లేవలేనివాళ్ళు, బల్ల ముందు కూర్చుని కూర్చుని కొయ్యబారిన పోస్టుమాస్టరు. నేను కాళ్ళతో పుట్టాను కదా. అందరూ తల ముందు పెట్టి వస్తే నేను కాళ్ళు ముందు పెట్టి వచ్చాను, అట్లా పుట్టిన పిల్ల తన్నితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. దానికో పద్ధతి ఉంది. నొప్పి ఉన్నవాళ్ళు గడప దగ్గర బోర్లా పడుకోవాలి. నొప్పి ఉన్నవాళ్ళే నోరు తెరిచి తన్నమని అడగాలి, అడగకుండా తన్నకూడదు. ఎండ వీపు మీద పడగానే ఎడమ కాలితో తన్నాలి, తన్ని, వాళ్ళను దాటి బయటికి నడవాలి, నీళ్ళతొట్టి దాకా పోయి కాళ్ళు కడుక్కోవాలి, అప్పటిదాకా వెనక్కి చూడకూడదు. చూస్తే పోయిన నొప్పి తిరిగొస్తుందట. గౌను వేసుకున్న పిల్లను నేను, మీసాలున్న మగవాళ్ళు నా ముందు బోర్లా పడి తన్ను తల్లీ, తన్ను తల్లీ అని బతిమాలేవాళ్ళు. ఫారెస్టు గార్డును తన్నాను. వడ్డీల షావుకారును తన్నాను. గట్టిగా తన్నితే అంత మంచిదమ్మా అనేవాళ్ళు, నేను పళ్ళు బిగించి తన్నేదాన్ని, అబ్బ ఎంత బాగుండేది. ఊళ్ళో ఏ పిల్లకు ఉంది ఆ భాగ్యం? అక్క చెంబు పట్టుకుని పక్కన నిలబడేది. తన్నే ముందు నా కాళ్ళ మీద నీళ్ళు పోసి కడిగేది, వేళ్ళ సందుల్లో కూడా. ఈ రోజు కూడా అక్కే కడిగింది. వంగి కడుగుతుంటే మెడ వెనక పసుపురంగుకు తిరిగిన పాత దెబ్బ కనిపించింది.

నిన్న తన్నితే వీడు అబ్బా అన్నాడు తప్ప ఇంచు కదల్లేదు. శనివారం కదా, ఆదివారమైతే వదుల్తది అని అమ్మ సర్దిచెప్పుకుంది. ఆదివారం వచ్చింది. ఎండ గోడ దిగింది. జామాకుల మీద పేరుకున్న ప్లాంటు బూడిద తెల్లగా కనపడుతోంది. నైటు షిఫ్టు దిగినవాళ్ళ సైకిళ్ళు ఒకటీ అరా పోతున్నాయి, ఏమైంది రామారావుగారికి అని చిన్నక్కను ఎవరో అడుగుతున్నారు. వీడు నేలకు చెంప ఆనించి ఆ సైకిళ్ళను చూస్తున్నాడు. సిగ్గు వీడికి. ఉండనీ. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ మెడ ఎముక పైకీ కిందికీ కదులుతోంది. ఇప్పుడు దాన్ని చూడకుండా ఉండలేకపోతున్నాను. నన్ను వరంగల్ జైల్లో పెడతారా? పెట్టనీ. అక్కడ కంప్యూటరు ఉండదు, మెడనొప్పి ఉండదు. ఒకసారి మడమ దిగితే చాలు. కోడి మెడ విరిచేటప్పుడు వేళ్ళకు తెలుస్తుంది, అట్లా మడమకు తెలుస్తుందా? తెలియాలి. నాకు తెలియాలి.

"ఏందే, ఇంకెంతసేపు నిలబడ్తవ్? జల్దీ కానియ్యి. నీ అక్కకు నీకు ఒక్క పని చాతగాదు."

వాడే. నేల మీద పడి కూడా ఆ నోరు.

"అడుగు మామా. అడగాల గదా" అన్నాను. నా గొంతు నాకే చల్లగా వినిపించింది.

"తన్నవే, తన్ను. తన్ని చావు."

ఎండ మెట్టెక్కింది. గడప మీదికి వచ్చింది. వీపు మీద ఆముదం మెరిసింది. నేను ఎడమ కాలు ఎత్తాను. నడుము మీదుగా పోనిచ్చాను, భుజాల మీదికి, ఇంకా పైకి, ఆ ఎముక పైకి. ఒక చెయ్యి తలుపు చెక్క మీద వేసి ఆనుకున్నాను, బరువంతా దించడానికి. తల్లీ, ఎవరికి మొక్కుకున్నానో తెలియదు, ఏదో అనుకున్నాను. అంతలో నా చీలమండను ఎవరో పట్టుకున్నారు. అమ్మ. ఎప్పుడు వచ్చిందో, నేల మీద కూలబడి రెండు చేతులతో నా కాలు పట్టేసుకుంది. నా మొహం చూసిందేమో. కన్నతల్లికి తెలియదా.

"వద్దే. వాని మీద కాలెయ్యకే, నీకు దండం బెడ్త. ఆ కాళ్ళు నీయి గావే."

"ఇడువమ్మా."

"నువ్వు తన్నితే వానికి తగ్గదే. నిన్న తగ్గిందా? తగ్గదు. కాళ్ళతోని పుట్టింది నువ్వు గాదు, శ్యామల."

నా కాలు ఇంకా గాలిలోనే ఉంది. అమ్మ దాన్ని పట్టుకునే చెప్పింది, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, వాడు వింటున్నాడన్న స్పృహ కూడా లేకుండా. అక్క పుట్టింది అడవంచున, మంత్రసాని జంపక్క ఊళ్ళోనట. మా నాన్న అక్కడ చేను కౌలుకు చేసేవాడు. ఆ జంపక్క తప్ప చూసినవాళ్ళు లేరు. పిల్ల కాళ్ళతో వచ్చింది. "కాళ్ళతోని పుట్టిన పిల్లను మేనమామకు ఇయ్యగూడదంటరు, ఇస్తే మేనమామకు గండం. నేనేమో పిల్ల కడుపుల ఉన్నప్పుడే అనుకున్న, ఆడపిల్లయితే నా తమ్మునికే అని. జంపక్క చేతులు పట్టుకున్న, ఎవలకు చెప్పకని. అయినా ఎట్లనో పొక్కింది, ఆదెమ్మ పిల్ల ఎదురుకాళ్ళది అని. ఇగ నువ్వు పుట్టినంక, అది గీ పిల్లే అని చెప్పిన. నమ్మిండ్రు." అంతే. అంత తేలిగ్గా. నన్ను ఎవరు అడిగారు, పాలు తాగే పిల్లను?

మరి ఫారెస్టు గార్డు? షావుకారు? పోస్టుమాస్టరు వదిలిందమ్మా అని లేచి గంతులేశాడు కదా, అదంతా ఏమిటి? రెండు రోజులు పడుకుంటే ఎవరికైనా వదిలేదేనేమో. నా పాదాలవైపు చూసుకున్నాను. ఎవరి చెప్పులో వేసుకుని ఊరంతా తిరిగినట్టు ఉంది. ఉన్నది ఒక్కటే గొప్ప, అదీ నాది కాదు. చెంబు పట్టుకుని నా వేళ్ళ సందులు కడిగింది చూడు, ఆమెది. ఏడుపు రావాలి నిజానికి, రాలేదు, కోపం వచ్చింది, అమ్మను ఆ చెంపా ఈ చెంపా వాయించాలన్నంత కోపం. మేనమామకు గండమట. ఆ గండం తప్పించడానికి దాచింది. చెవి ఎవరిది పోయిందే అమ్మా? మెడ వెనక ఆ దెబ్బ ఎవరిది? వీడికి గండం తప్పించావు, నీ కడుపున పుట్టినదాన్ని వీడి కింద పడేశావు. ఇప్పుడు కూడా నువ్వు నోరు తెరిచింది దానికోసం కాదు, వీడి నడుము కోసం.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. తల కొంచెం పక్కకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి. అంతా విన్నది.

"నిజమేనా అమ్మా?"

"నిజమే బిడ్డా. ఒక్క తన్ను తన్నవే. వాడు లేస్తడు. నీ మొగుడు లేస్తడే."

అక్క చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి తన పాదాలు చూసుకుంది. పగిలిన మడమలు, పారాణి లేదు, మట్టెలు అరిగి వంకరపోయాయి. చాలాసేపు చూసుకుంది. తర్వాత చెంబు తీసుకుని తన కాళ్ళ మీద తనే నీళ్ళు పోసుకుంది. నేను పోస్తానక్కా అని అడుగు వేస్తే చేత్తో ఆపింది.

వీడు మొదలుపెట్టాడు. "ఏందక్కా, పెళ్ళాంతోని తన్నిచ్చుకోవాల్నా నేను? కాలనీల తలెత్తుకుంటనా?" అంటూ మోచేతుల మీద లేవబోయాడు. లేవగలడా? గావుకేక పెట్టి మళ్ళీ నేలకు అతుక్కుపోయాడు, చొంగ కారింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ కేక వింటే నాకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. అమ్మ వాడి తల నిమురుతూ అడుగు తమ్ముడా, అడుగు నాయినా, ఎండ పోతది అంటోంది. వాడు పళ్ళు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. నేలవైపు చూస్తూ గొణిగాడు.

"తన్ను."

అక్క వాడి నడుము పక్కన నిలబడింది.

"వినపడలే మామా. గట్టిగ అడుగు."

"తన్నవే అంటున్న గదా!"

"ఈ చెవుల నీ మాట వినపడదు. నువ్వు పోగొట్టిన చెవే గదా. గట్టిగ."

పక్క గోడ మీదుగా చిన్నక్క, ఆమె మొగుడు, ఆ వెనక సైకిళ్ళు దిగినవాళ్ళు. వీడు ఒకసారి వాళ్ళను చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. "తన్నవే శ్యామలా! తన్ను! నీ కాళ్ళు మొక్కుత, తన్నవే!" అని అరిచాడు, కాలనీ చివరిదాకా వినపడేట్టు.

అక్క తన్నింది. మా అక్క, వాడి పిడికిట్లోంచి జడ విడిపించుకుని వాడికే నీళ్ళు తాగించిన మా అక్క, కాలు వెనక్కి తీసి, మోకాలు దాకా చీర ఎగిరేట్టు, మడమతో తన్నింది. వీపులో ఫట్‌మని పెద్ద శబ్దం వచ్చింది. వాడు అరవలేదు, గాలి మొత్తం బయటికి పోయింది. అక్క ఆ కాలు తీయలేదు. అట్లాగే వీపు మీద పెట్టి, దాని మీద బరువు వేసి, రెండో కాలు ఎత్తి, మెట్టెక్కినట్టు వాడి మీదికెక్కి, గడప అవతలికి దిగింది. ఒక్క క్షణం మనిషి మొత్తం వాడి మీద నిలబడింది. నేను చూశాను. దిగి, మెట్లు దిగి, నడిచింది. జామచెట్టు, గేటు, కుళాయి. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవాలి. ఆగలేదు. కుళాయి దాటి రోడ్డెక్కింది, తడి కాళ్ళతో, చెప్పులు లేకుండా.

ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది వాడికే, కానీ వేరే సంగతి. చెయ్యి కదిపాడు. మోకాలు మడిచాడు. మెల్లగా, నమ్మలేనట్టు, లేచి కూర్చున్నాడు. "పోయింది" అన్నాడు. నవ్వాడు. "పోయిందక్కా, నొప్పి పోయింది! శ్యామలా, పోయిందే!" అమ్మ వాడి వీపు తడుముతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. వాడు మెడ తిప్పి వాకిట్లోకి చూశాడు. వాకిట్లో అక్క లేదు. గేటు తీసి ఉంది. నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది, ఆ మొహం నేను ఎరుగుదును, సాయంత్రం ఆఫీసునుంచి వచ్చే మొహం.

"ఏడికి పోతుందే అది? పిలువవే. ఓయ్!"

గుమ్మం పక్కన అక్క చెప్పులున్నాయి. కిటికీలో రూళ్ళకర్ర ఉంది. నేను రెండూ తీసుకున్నాను, భుజాన నా సంచి, దాటబోయాను. నా లంగా అంచు పట్టుకున్నాడు. బలం వచ్చేసింది కదా. "నువ్వేడికి పోతున్నవ్, రా ఇటు" అని గుంజాడు. ఆ మణికట్టు మీద కొట్టాను. ఒకసారి. అక్క వీపు మీద పడ్డ కర్ర, అక్క చెయ్యి ఎన్నడూ ఎత్తని కర్ర, ఎత్తి కొట్టాను. ఎముకకు తగిలిన చప్పుడు వచ్చింది, కుక్కలాగా కుయ్యిమన్నాడు, వేళ్ళు విడిపోయాయి. రెండోది కొట్టాలని ఎంత అనిపించిందో. అమ్మ "హైమా!" అంది. నేను అమ్మవైపు చూశాను. నువ్వు వస్తావా అని అడగలేదు. తమ్ముడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊదుతోంది.

కాలనీ గేటు బయట బస్సు ఆగే చోట అక్క నిలబడి ఉంది, రోడ్డు అవతలి వైపు చూస్తూ, నాకు వీపు పెట్టి. చెప్పులు పాదాల పక్కన పెట్టాను. తల తిప్పకుండానే కాళ్ళు దూర్చింది.

"లేచిండా?"

"లేచిండు."

"మంచిగున్నడా?"

"నడుం మంచిగనే ఉంది" అన్నాను. నా చేతిలో కర్ర ఆమె కంటికొసన కనిపించినట్టుంది. చూపు మళ్ళీ రోడ్డు మీదికి పోనిచ్చి అడిగింది, "ఎంత దూరం దాక చూడొద్దే, ఎనక్కి?"

నీళ్ళతొట్టి దాకా. చిన్నప్పటినుంచీ నీళ్ళు పోసిన మనిషి, తనకు తెలియదా.

"గోదారి దాటేదాక" అన్నాను.

భద్రాచలం బస్సు వచ్చింది. అక్క ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ. ఆ పక్కన నేను. కర్ర ఒళ్ళో ఉంది, సంచి కింద. వెనక్కి చూడకూడనిది తన్నినవాళ్ళు కదా. నేను తన్నలేదు. తిరిగి చూశాను. వెనక అద్దంలోంచి కాలనీ గేటు, గేటులోంచి వాడు. బనీను ఇంకా భుజాల మీదే ఉంది, దెబ్బ తిన్న చెయ్యి రొమ్ముకు ఆనించుకుని పరుగెత్తుతున్నాడు, నడుము నిటారుగా, కుర్రాడిలాగా. ఇంకో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు, ఆపండి ఆపండి అని. కండక్టరు ఎవరికో చిల్లర ఇస్తున్నాడు. నేను కర్రతో బస్సు రేకు మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టాను, రైట్ రైట్ అన్నాను. బస్సు కదిలింది.

అక్క తల కొంచెం పక్కకు వంచింది, కుడి చెవి నా వైపు తిప్పి.

"ఎనక ఎవరన్న వస్తుండ్రా హైమా?"

"ఎవరు లేరక్కా" అన్నాను. "నువ్వు ముందుకు చూడు."